చప్పుడు లేని ఉతుకుడు

మా ఆయన తెల్ల చొక్కా కాలరు బండమీద రుద్దుతున్నాను. రుద్దడమే, కొట్టకూడదు. బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టుకుని, నల్లా సన్నగా వదిలి, దుప్పట్లను కాళ్లతో తొక్కి, చొక్కాలను చేతులతో పిసికి, నీళ్లు కూడా గోడవెంట జారేటట్టు పారబోయాలి. చప్పుడు బయటికి పోకూడదు. ఎందుకంటే మా ఇంట్లో బట్టలు ఉతికేది మిషిన్ అని కోరుట్లలో మా వాడకట్టంతా అనుకుంటోంది.

ఆ మిషిన్ ముందు గదిలో ఉంది, మీద నేను అల్లిన లేసు గుడ్డ కప్పుకుని. వినాయక చవితికి ముందు మా ఆయన సమ్మయ్య దాన్ని ఇంటర్నెట్ వేలంలో పాడాడు. కొన్నానని అనలేదు, గెలిచానన్నాడు. మున్సిపల్ ఆఫీసులో గుమస్తా, ఎక్కడా ఏదీ గెలిచిన మనిషి కాదు, నాకూ ముచ్చటేసింది. తక్కువ వాడింది, మంచిగా నడుస్తోంది అని అమ్మినవాడు ఫోటోతో సహా పెట్టాడట. లారీలో దిగింది మాత్రం ఇంకో రంగుది. అయినా మా అత్తమ్మ రూతమ్మ పాస్టరు గారిని పిలిచి దాని మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయించింది. అందరూ చాయ్ తాగి వెళ్లాక ప్లగ్గు పెడితే గుయ్యిమని మూలిగి, కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. మెకానిక్ విప్పి చూసి, మోటారు ఎప్పుడో కాలిపోయిందని, పైన మాత్రం కొత్తగా రంగు వేశారని చెప్పాడు.

వాపసు పంపుదాం, కంప్లైంట్ రాద్దాం అన్నాను. వేలంల వినాయకుడి లడ్డూ పాడినోడు తీపి లేదని వాపసిస్తాడా అని ఎగిరాడు మా ఆయన. అత్తమ్మ జన్మంతా ఒకరి పొలంలో నాట్లేసింది. ప్లగ్గు పెట్టే అంత పెద్ద వస్తువు ఆమె ఇంట్లో అదే మొదటిది. నా గడ్డం పట్టుకుని, “ప్రార్థన చేపిచ్చుకున్నం బిడ్డా. పాడైందంటే నలుగుర్ల తలెత్తుకోలేం. కొన్నొద్దులు ఓర్సుకో” అంది. నేను తల ఊపాను. ఎవరూ నా మెడ పట్టుకుని ఊపించలేదు, అదే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది.

మిషిన్ వచ్చాక నా చాకిరీ రెట్టింపయింది. ఒక చొక్కా రెండ్రోజులు వేసే మనిషి, తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక శిబిరానికి పొద్దున ఒకటి, మాపటికి ఒకటి మారుస్తున్నాడు. రెండు వీధుల అవతలుండే మా ఆడబిడ్డ విజయ ఇంటిల్లిపాది దుప్పట్లూ మూటగట్టి తెస్తుంది. మిషినే కదా వదినె ఉతికేది, నీకేం తక్లీఫ్ అంటుంది. నేను నవ్వుతూ అందుకుంటాను. నేను కంప్యూటర్ చెప్పే ప్రైవేటు బడి సమ్మెతో మూతపడింది, జీతం లేదు. ఖాళీగానే ఉన్నవ్ గదా అని మా ఆయన రోజుకోసారి గుర్తు చేస్తాడు. చర్చిలో అత్తమ్మ, మా కోడలు రాణి లెక్క కూసుంటది అని చెబుతుంటే, బట్టల సోడాకు పగిలిన వేళ్లను కొంగులో దాచుకుని ఆమేన్ అన్నాను.

బొగ్గు గనులు కూడా సమ్మెలోకి దిగాయి, కరెంటు గంటల తరబడి పోవడం మొదలైంది. విజయ వాళ్ల దుప్పట్లు నేను తీగమీద ఆరేస్తుంటే పక్కింటి రాజవ్వ గోడమీదుగా చూసింది.

“నిన్న పొద్దంత కరెంటే లేకపాయె. గిన్ని దుప్పట్లు ఎట్ల ఉతికింది బిడ్డా మీ మిషిన్?”

ఇన్వర్టర్ అన్నాను. మా అత్తమ్మ ముందురోజే ఆమె దగ్గర కొవ్వొత్తి అడిగి తెచ్చిందని ఆ తర్వాత గుర్తొచ్చింది. రాజవ్వ నా వేళ్లు చూసింది.

“ఉతుకుడు తప్పా బిడ్డా? గంత దాసుకునుడెందుకు?”

సిగ్గుతో చచ్చిపోయాను. దొంగతనం చేస్తూ దొరికినట్టు తడి దుప్పటి చాటుకు జరిగాను. నేను చేసింది మాత్రం పని.

జరిగింది చెబితే మా ఆయన నా చేతుల వంక చూడలేదు. ఇజ్జత్ పోయిందన్నాడు. రాత్రంతా ఆలోచించి, దాన్ని మళ్లీ అదే వేలంలో అమ్మేద్దామన్నాడు. అమ్మినోడు మనకెట్ల రాసిండో గట్లనే రాయి, ఇంట్ల ఆడోళ్లు వాడింది, మస్తు నడుస్తదని పెట్టు అన్నాడు. ఇంగ్లీషులో రాయడం వచ్చింది నాకే కాబట్టి ఆ పనీ నాదే అయింది.

సాయంత్రం కరెంటు రాగానే నెట్ సెంటర్‌కు పోయి మా ఆయన ఖాతా తెరిచి కూర్చున్నాను. తక్కువ వాడింది అన్నంతవరకు టైపు కొట్టి ఆగిపోయాను. దీన్ని ఎక్కడో ఇంకో మగవాడు గెలుస్తాడు. నలుగురికీ చెప్పుకుంటాడు. ఆ ఇంట్లో ఎవరో ఒకామె బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టుకుంటుంది. నా సిగ్గును లారీకెక్కించి ఆమె ఇంటికి పంపబోతున్నాను. రాసినదంతా చెరిపేసి మళ్లీ రాశాను.

ఇంటికి వచ్చేసరికి తల్లీకొడుకులు చాయ్ తాగుతున్నారు. మంచిగ రాసినవా అని అడిగాడు.

“ఉన్నదున్నట్టు రాసిన. మోటారు కాలిపోయింది, మిషిన్ నడవదు, ఇన్నొద్దులు బట్టలు ఉతికింది ఇంటామె అని రాసిన.”

“నా పేరు మీదనా?”

“నీ పేరు మీదనే.”

చాయ్ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. మెల్లగ మాట్లాడు, వాడకట్టు వింటది అంది అత్తమ్మ నాతో.

విజయ తెచ్చిన కొత్త మూట గుమ్మం పక్కనే ఉంది. విప్పకుండా తీసుకెళ్లి మిషిన్ మీద పెట్టాను. మా ఆయన విడిచిన చొక్కాలు కూడా దానిపక్కనే పెట్టాను. నా చీరలు రెండు మాత్రం బకెట్లో వేసుకుని, ఇంటి ముందున్న బండ దగ్గరికి వెళ్లాను. మొదటి చీర తడిపి, తలమీది దాకా ఎత్తి, వాడకట్టంతా వినేటట్టు బండకేసి కొట్టాను.