బయట కూర్చునే మూడు రోజులు

అనసూర్యకు నెలసరి మూడు నెలలకోసారి వచ్చేది, ఒక్కోసారి నాలుగు. పెళ్లయి నాలుగేళ్లు. ఆమె గర్భాశయం ఇంటిల్లిపాదికీ ఉమ్మడి ఆస్తి. పొద్దున లేవగానే అత్త కనకవ్వ "అయ్యిందా?" అని అడిగేది. కాలేదంటే ఆ సంగతి సిరిసిల్ల పద్మశాలి వాడంతా తెలిసిపోయేది. నూలు ధర అడిగినంత మామూలుగా ఆడవాళ్లు ఆరా తీసేవారు. భర్త అంబదాస్ మాత్రం ఏమీ అడగడు. తనకు సంబంధం లేని వ్యవహారమన్నట్టు మగ్గం ఆడిస్తుంటాడు.

చివరికి కనకవ్వ వైద్యుడు దశరథాన్ని పిలుచుకొచ్చింది. ఆయన నాడి పట్టి, నాలుక చూసి, కిందికి పోవలసిన వాతం దారి తప్పిందన్నాడు.

"నల్లనువ్వుల కషాయం, పాతబెల్లం ఏసి, రోజూ పొద్దుగాల. నెల తప్పంగనే బంద్ చెయ్యాలె. ఇంకోటి. బయటున్న మూడు దినాలు పిల్ల ఏ పనీ ముట్టద్దు. ఊకె కూసోవాలె."

"మరి కండెలు?" అంది కనకవ్వ.

ఆ ఇంట్లో బయటుండటమంటే వంటింట్లోకి రాకపోవడమే. మగ్గానికి నూలు కండెలు చుట్టే రాట్నానికి మాత్రం మైల లేదు. ఆ నియమం ఎవరు కనిపెట్టారో గాని, తెలివిగలవాడు.

"నువ్వు చుట్టు కనకవ్వా. మనుమడు కావాల్నా, కండెలు కావాల్నా?"

కనకవ్వ రాట్నం వైపు ఒకసారి, కోడలి కడుపు వైపు ఒకసారి చూసి ఒప్పుకుంది.

నువ్వులు చేశాయో, ఒంటికే బుద్ధి పుట్టిందో, మూడో నెల నుంచి నెలసరి తప్పకుండా రాసాగింది. అనసూర్య వెనుక వసారాలో కూర్చునేది. మొదటిసారి భయమేసింది. ఇరవై రెండేళ్లలో ఆమె తనతో తాను ఎన్నడూ ఒంటరిగా లేదు. పరిచయం లేని మనిషి పక్కన కూర్చున్నట్టు అనిపించింది. రెండోసారికి ఆ మనిషి నచ్చింది. మూడోసారికి, ఎప్పుడెప్పుడు కలుస్తానా అని ఎదురుచూసింది.

ఆ తర్వాతి నెల తప్పింది.

ఆమెకు సంతోషమే. కానీ చెబితే వసారా పోతుంది. బిడ్డ కావాలి, మూడు రోజులూ కావాలి. రెండూ కోరుకోవడం పాపమేమో అని ఒక పూట ఆలోచించి, ఆలోచించడానికైనా చోటుండాలి కదా అనుకుని, లెక్క ప్రకారం వెళ్లి బయట కూర్చుంది. కషాయం గుమ్మడిపాదుకు పోసింది. మరక లేని గుడ్డలను శ్రద్ధగా ఉతికి ఆరేసింది. మరుసటి నెలా అంతే.

మందు మొదలుపెట్టి ఏడు నెలలైనా కడుపు పండలేదని కనకవ్వ మళ్లీ దశరథాన్ని తెచ్చింది. ఆయన నాడి పట్టుకుని చాలాసేపు అనసూర్య ముఖంలోకే చూశాడు.

"ఎన్నో నెల బిడ్డా?"

"మూడోది," అంది అనసూర్య.

కనకవ్వ గడపలోనే దేవుళ్లందరికీ దండం పెట్టింది. సగంలో చేతులు ఆగిపోయాయి.

"మరి పదిదినాల కింద బయట కూసుంటివి గదనే?"

"కూసున్న."

"అంతకు ముందు నెల?"

"గప్పుడు గూడ."

"ఏం కాకుంటనే? ఎందుకే?"

"ఊకెనే అత్తమ్మా."

దశరథం సంచి సర్దుకున్నాడు. "నా మందుకైతే గసొంటి గుణం లేదు," అన్నాడు.

కనకవ్వకు దొంగతనం అర్థమవుతుంది, దయ్యం పట్టడం అర్థమవుతుంది. ఈ ఊకెనేను ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోడలు నీళ్లోసుకుందని వాడంతా చెప్పి వచ్చింది, మిగతాది మింగేసింది. వాడకు తెలియని సంగతంటూ ఆ ఇంట్లో మొదటిసారి మిగిలింది.

పద్దెనిమిది రోజులు గడిచాయి. అనసూర్య లేచి, రాట్నం దాటుకుని, వసారాలో కూర్చుంది. ఇప్పుడు లేస్తే, ఇక జన్మలో కూర్చోవడం కుదరదు.

కనకవ్వ వచ్చింది. "లే. నీకిప్పుడు బయటెక్కడిది?"

"లేదు."

"మరి?"

"మూడు దినాలు కూసుంట."

"కడుపుతోటి ఉన్నదానికి మైలనా? నలుగురు ఇంటె నవ్వుతరు."

"నువ్వు చెప్తెనే గద ఇంటరు."

కనకవ్వ కోడలి పుట్టింటివాళ్లందరినీ పేరుపేరునా తిట్టి లోపలికి పోయింది. రాట్నం కాసేపు తిరిగి ఆగింది. కనకవ్వ మళ్లీ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఒక్క దినం కూసో."

"మూడు."

"జర నా నడుము గూడ సూడు పిల్లా. రెండు."

అనసూర్య గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది.

"మూడు అత్తమ్మా."

లోపల రాట్నం తిరగడం మొదలైంది, తిట్లతో సహా.