తొమ్మిది ఇళ్ళకు ఒకటే నంబరు

గోపిక బిడ్డ పోయింది గురువారం నాడు. మార్కాపురం పెద్దాసుపత్రిలో, మధ్యాహ్నం మూడు దాటాక, ఊపిరి లేకుండానే పుట్టింది. ఆడపిల్ల. రెండు కిలోలకు కొంచెం తక్కువ.

ఈ సంగతి కొమ్మలపెంటలో అందరికంటే ముందు తెలిసింది బడి పంతులు ఆదిశేషుకు. ఊళ్ళో ఏ కబురైనా ముందు ఆయన ఫోనుకే వస్తుంది. ఆ వేళకు ఆయన మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాడు. ఆశా కార్యకర్త సరళ ఆసుపత్రి నుంచి ఫోను చేసి, "సార్, తల్లి బతికింది" అన్నది. బిడ్డ సంగతి ఆయన అడగలేదు. పిల్లలు ఏడో ఎక్కం మధ్యలో ఆపి ఆయన ముఖంలోకి చూస్తున్నారు. "కానీయండి" అన్నాడు.

పుల్లలచెరువు నుంచి అడవి వైపు పోయే దారిలో కొమ్మలపెంట చివరి ఊరు. సగానికి పైగా గొర్రెల కాపరుల ఇళ్ళు. పైర్లు కోసిన తర్వాత మగవాళ్ళు మందలు తోలుకుని కంభం వైపు దిగిపోతారు. అక్కడి రైతుల పొలాల్లో ఎరువు కోసం రాత్రిళ్ళు మంద పెడతారు. మళ్ళీ వానలు పడేదాకా ఇంటి ముఖం చూడరు. ఇంటికి ఉన్న ఒక్క ఫోనూ వాళ్ళతోనే పోతుంది. అది ఒక రోజు పలికితే మూడు రోజులు పలకదు. ఇక ఊళ్ళో సిగ్నల్ అంటూ దొరికేది బడి వసారాలోనే.

రెండేళ్ళ కిందట ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, గర్భిణుల కోసం కొత్త యాప్ ఒకటి పెట్టారు. మంచిదే అది. బీపీ, రక్తం, మూత్రం, బరువు అన్నీ అందులో ఎక్కిస్తే, ఎవరు ఏ స్థితిలో ఉన్నారో అదే లెక్కగట్టి పచ్చ, పసుపు, ఎరుపు రంగులు చూపిస్తుంది. ఎరుపు వస్తే ఇంటివాళ్ళ ఫోనుకు మెసేజ్ పంపిస్తుంది. అయితే పేరు ఎక్కించాలంటే ఫోను నంబరు కావాలి. ఆ నంబరుకు వచ్చిన ఓటీపీ అప్పటికప్పుడు చెప్పాలి. కంభం పొలాల్లో ఉన్న మొగుడి ఫోనుకు ఓటీపీ వస్తే ఇక్కడ చెప్పేదెవరు?

"ఈ ఒక్కసారికి మీ నంబరు రాసుకుంటా సార్" అని సరళ బడికి వచ్చింది. ఆ ఒక్కటి తొమ్మిదయింది. సరళ గేటు దగ్గర కనిపిస్తే చాలు, పిల్లలు లోపలికి కేక వేసేవాళ్ళు. "సార్, ఓటీపీ అక్క వస్తాంది, ఫోను తీయండి."

సరళ నవ్వేది. "జిల్లా మొత్తంలో తొమ్మిదిమంది గర్భిణులున్న ఇల్లు మీదొక్కటే సార్."

ఆదిశేషు భార్య పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. 'మీ గర్భిణికి ఈ వారం ఐరన్ మాత్రలు' అని మెసేజ్ వస్తే, సాయంత్రం ఇంటికి పోతూ ఆ వీధిలో ఆగి చెప్పేవాడు. ఎవరికని ఆ మెసేజ్‌లో ఉండదు. చివర నాలుగంకెలుంటాయి. ఆ అంకెలు ఎవరివో సరళ పుస్తకంలో ఉంటుంది. మామూలు మెసేజ్‌లకు పుస్తకంతో పని లేదు, అందరికీ చెబితే సరిపోయేది. ఎర్ర మెసేజ్ అప్పటికి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ రాధాకుమారికే. ఆమెకు మొదటి కానుపు నుంచీ బీపీ ఉంది.

గోపిక చంద్రశేఖరపురం వైపు పిల్ల. అంకన్నను చేసుకుని కొమ్మలపెంటకు వచ్చి ఏడాదిన్నర. అంకన్న ఈ బడిలోనే చదివాడు. మంద దగ్గర నుంచి ఇంటర్వెల్ వేళ చూసుకుని ఆదిశేషుకు ఫోను చేస్తే, పిల్లలు పరిగెత్తిపోయి గోపికను పిలుచుకొచ్చేవాళ్ళు. ఆమె వసారా స్తంభానికి ఆనుకుని, ఫోను రెండు చేతులతో పట్టుకుని మాట్లాడేది. మాట్లాడి ఇచ్చేటప్పుడు కొంగుతో తుడిచి ఇచ్చేది.

ఆమెకు ఎనిమిదో నెల వచ్చింది. ఆ నెలలో పరీక్షలు చేయించాలని సరళ అంటే అత్త శ్రీశైలమ్మ ఒప్పుకోలేదు. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న మనిషి పొలిమేర దాటకూడదు. తొమ్మిది పడగానే ఎట్లాగూ పుట్టింటికి తీసుకుపోతారు, ఆ పరీక్షలేవో అక్కడే చేయించుకుంటుందన్నది. ఆదిశేషే వెళ్ళి చెప్పాడు. ఆయన మాట తీసేయలేక సోమవారం పంపింది.

పుల్లలచెరువు ఆసుపత్రిలో బీపీ కొంచెం ఎక్కువుందన్నారు, వారం తర్వాత మళ్ళీ రమ్మన్నారు. మూత్ర పరీక్ష ఫలితం మర్నాడు ఎక్కించారు. రెండూ కలిపి చూసుకుని యాప్ మంగళవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు మెసేజ్ పంపింది. 'మీ గర్భిణి ప్రమాద స్థితిలో ఉన్నారు. 24 గంటల లోపల పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.' చివర నాలుగంకెలు.

ఆదిశేషు చూశాడు. చూడలేదని చెప్పుకోవడానికి లేదు. సరళకు ఫోను చేశాడు. ఆమె ఒంగోలులో రెండు రోజుల ట్రైనింగులో ఉంది, ఫోను కట్టేసి ఉంది. బడికి తాళం వేసి నేరుగా రాధాకుమారి ఇంటికి పోయాడు.

"మళ్ళీ నాకేనా సార్?" అన్నది ఆమె, చేటలో కందులు చెరుగుతూ. "మొన్ననే మార్కాపురం పోయి మాత్రలు మార్పిచ్చుకొనొస్తిమి గదా. ఆ యంత్రానికి నామీద పగేమో."

"పాత లెక్క ఇప్పుడు పంపిందేమోనమ్మా. మాత్రలు మాత్రం మానొద్దు" అని చెప్పి ఇంటికి వచ్చేశాడు. గోపిక ఇంటి ముందు నుంచే వచ్చాడు. ఆ తొమ్మిది ఇళ్ళూ తిరగడానికి అరగంట పట్టదు.

బుధవారం గోపిక తలనొప్పి అన్నది. కళ్ళు మసకలుగా ఉన్నాయన్నది. ఎండకు పోయొచ్చిన బడలిక అనుకుని శ్రీశైలమ్మ పడుకోమన్నది. గురువారం పొద్దున్నే ఫిట్స్ వచ్చాయి. 108కి ఫోను చేసింది ఆదిశేషే. అది అడవి దారిలో వచ్చి, ఎక్కించుకుని, మార్కాపురం చేరేసరికి పదకొండయింది.

శుక్రవారం సరళ బడికి వచ్చింది. పిల్లలను బయటకు పంపి, పుస్తకం తెరిచి, ఆయన ఫోను పక్కన పెట్టి నాలుగంకెలు చూసింది. ఇద్దరూ చూశారు.

"నేను రాధాకుమారి అనుకున్నానమ్మా."

"నేనున్నా అదే అనుకుందును సార్."

సరళ పుస్తకం మూసింది. "ఒక నంబరు ఒక్క ఇంటికే రాయాలని మాకు రూలు. తొమ్మిదిమందికి రాసినానని తెలిస్తే నన్ను తీసేస్తారు. మీరేం చెప్పొద్దు సార్. నా కోసమని కాదు..." అని, అంతలోనే, "నా కోసమే సార్" అన్నది.

ఆదిశేషు ఫోను జేబులో పెట్టుకుని, పిల్లలను లోపలికి పిలిచాడు.

పన్నెండో రోజున ఆయనకు ఒక ఫోను వచ్చింది. ఆడ గొంతు. వెనకాల ఇంకెవరో ఇంకెవరితోనో మాట్లాడుతున్నారు. జిల్లా ఆరోగ్య శాఖ వాళ్ళు, శిశు మరణాల మీద విచారణ ఫారం నింపుతున్నారు.

"అంకన్న గారేనా?"

"కాదమ్మా. నేను ఇక్కడి టీచర్ని. ఆదిశేషు."

"మాకు ఇదే నంబరుంది సార్. గోపిక భర్త నంబరు అని."

"వాళ్ళకు సిగ్నల్ ఉండదు. నా నంబరు ఇచ్చారు."

"పోనీండి. మంగళవారం సాయంత్రం రెడ్ అలర్ట్ పోయింది, అందినట్టు చూపిస్తోంది. గురువారం దాకా ఆసుపత్రికి రాలేదు. ఆలస్యం ఇంటి దగ్గర జరిగింది, కుటుంబం అశ్రద్ధ. అంతేగా సార్?"

"అది తప్పమ్మా."

"ఏది తప్పు? మెసేజ్ అందలేదా?"

"అందింది. నాకు అందింది."

"మీరు కుటుంబమా?"

"కాదు."

"ఇక్కడ రెండే ఉన్నాయి సార్. కుటుంబానికి అందిందా, లేదా. మీకు అందితే ఏం రాయాలో ఇందులో లేదు." ఆమె కసురుకోవడం లేదు. ఆమెకు ఇంకా ఎన్ని ఫారాలున్నాయో. "అంకన్న గారి చేత ఒక్కసారి ఫోను చేయించండి. మాకు మెసేజ్ రాలేదని ఆయన చెబితే మారుస్తా. రేపు సాయంత్రం ఐదుకు ఇది మూసుకుపోతుంది. తర్వాత నేను కూడా తెరవలేను."

అంకన్న చేత ఫోను చేయించాలంటే ముందు అతనికి చెప్పాలి. ఏ మెసేజ్, ఎప్పుడు వచ్చింది, ఎవరికి వచ్చింది. ఆ సాయంత్రం ఆదిశేషు వాళ్ళ ఇంటికి బయలుదేరాడు. చెప్పాలనే బయలుదేరాడు. దారిలో మాటలు కూడా అనుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు మాటలు నేర్పుతున్న మనిషి.

శ్రీశైలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మందను బావమరిదికి అప్పగించి వచ్చిన అంకన్న గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. గోపిక లోపల, తలుపు పక్కనే చాప మీద ఉంది. తలకు గుడ్డ కట్టారు. ముఖంలో వాపు దిగింది గానీ ముఖం మునుపటిది కాలేదు, ఇంకెవరిదో అయింది.

"రా అయ్యవారా" అన్నది శ్రీశైలమ్మ. మంచం వాల్చి, మంచినీళ్ళు తెచ్చింది. "మా వంశంలో ఎవురూ ఎనిమిదో నెల్లో పొలిమేర దాటలా. పొయ్యొస్తానత్తా, ఇంతసేపట్లో వస్తా అనింది. వచ్చింది. ఏం తెచ్చుకొనొచ్చింది?" లోపలికి వినపడేట్టుగానే అన్నది. మళ్ళీ గొంతు తగ్గించి, "నిన్ననడంలా అయ్యవారా. నువ్వు మంచికే చెప్పినావు. ఆయమ్మకన్నా బుద్ధుండాలి గదా" అన్నది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమె మాత్రం ఆ బిడ్డ కోసం చూడలేదా. పాత చీరలు చింపి పొత్తిళ్ళు మడిచి పెట్టుకుంది.

"ఊరుకోమ్మా" అన్నాడు అంకన్న, తల ఎత్తకుండా.

"ఊరుకోక ఏం జేస్తాన్రా. పుట్టినింటోళ్ళు ఆదివారం వస్తాండారు. తీసకపోనీ. మనసు కుదుటపడినాక జూద్దాం, పిలిపించాల్నో వద్దో."

లోపల చాప కదిలిన చప్పుడయింది.

ఆదిశేషు గ్లాసు కింద పెట్టాడు. "అంకన్నా, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పండి సార్."

ఆయన మొదలుపెట్టే లోపలే అంకన్నే అడిగాడు. "సార్, నాకొకటి తెలియక అడుగుతా. ముందురోజో, అంతకు ముందురోజో ఎవురికన్నా తెలిసుంటే బిడ్డ దక్కేదా? ఆసుపత్రిలో నర్సమ్మను అడిగితే ఆయమ్మ నా ముఖం జూసి పక్కకు పొయింది."

ఆదిశేషు అతని వైపు చూశాడు. ఒకటో తరగతిలో పలక మీద చెయ్యి పట్టుకుని దిద్దించిన పిల్లవాడు.

"అది డాక్టర్లు చెప్పాలి నాయనా" అన్నాడు.

అన్న తర్వాత అనుకున్న మాటలకు ఇక చోటు లేకపోయింది.

"చెప్పాలన్నారు, ఏంది సార్?"

"ఆసుపత్రి వాళ్ళు ఫోను చేశారు. ఏవో వివరాలు కావాలంట. రేపు ఒకసారి బడి దగ్గరికి వస్తే మాట్లాడిస్తా."

"వాళ్ళతో నాకు మాటలేంది సార్ ఇంక. మీరే చెప్పండి ఏదో ఒకటి. మీకు తెలియంది ఏముంది."

లేవబోతుంటే తలుపు పక్క నుంచి గోపిక పిలిచింది. కానుపు గుడ్డలతో ఉన్న మనిషి, బయటికి రాకూడదు. ఆయన గడపకు ఇవతల నిలబడ్డాడు.

"సార్, నేను పొలిమేర దాటినందుకేనా?"

"కాదమ్మా."

"మరి ఎందుకు సార్?"

శ్రీశైలమ్మ చూస్తూ ఉంది. అంకన్న కూడా తల ఎత్తాడు. ముగ్గురూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. ఊళ్ళో చదువుకున్నవాడు, ఎందుకో చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే.

"దాటినందుకు మాత్రం కాదు" అన్నాడు. "నువ్వు చేసిన తప్పేం లేదు తల్లీ."

"పెద్దోడివి, అట్లనే చెప్తావులే" అన్నది శ్రీశైలమ్మ.

మర్నాడు బడిలో ఐదు దాకా కూర్చున్నాడు. అంకన్న రాలేదు. నాలుగున్నరకు తానే ఆ నంబరుకు ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. నాలుగూ ముప్పావుకు మళ్ళీ చేశాడు. లైను కలవలేదు. ఐదు దాటాక కూడా ఫోను చేతిలోనే పట్టుకుని వసారాలో నిలబడ్డాడు. తర్వాత బడికి తాళం వేసుకున్నాడు.

ఆదివారం గోపికను పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోయారు. ఆటో ఎక్కేటప్పుడు ఆమె అత్తగారింటి వైపు చూసింది గానీ, గుమ్మంలో ఎవరూ లేరు. అంకన్న ఆ మరునాడే మందలోకి పోయాడు. ఇప్పుడు ఇంటర్వెల్ వేళ ఫోను చేయడం లేదు.

సరళ చాటుమాటుగా ఐదుగురి నంబర్లు మార్పించింది. మరో ముగ్గురికి రాయడానికి వేరే నంబరు లేదు. ఏ మెసేజ్ వచ్చినా ఆదిశేషు ఆ ముగ్గురి ఇళ్ళకూ పోతున్నాడు. ఐరన్ మాత్రల మెసేజ్ అయినా పోతున్నాడు. రాధాకుమారికి మగపిల్లవాడు పుట్టాడు, క్షేమంగా ఉన్నాడు. పేరు పెట్టే రోజున పిలిచారు. వెళ్ళాడు. ఎత్తుకోమంటే ఎత్తుకున్నాడు.

జిల్లా కాగితాల్లో గోపిక బిడ్డ ఎదురుగా కుటుంబం అశ్రద్ధ అనే ఉంది. దాన్ని మార్చమని ఆదిశేషు మెడికల్ ఆఫీసరుకు రెండు ఉత్తరాలు రాశాడు. సరళ పేరు లేకుండా రాస్తే విషయం నిలబడటం లేదు. పేరుతో రాసింది చించేశాడు. పేరు లేనిది ఇంకా బల్ల సొరుగులోనే ఉంది.

మంగళవారం నాటి మెసేజ్ తన ఫోనుకే వచ్చిందని ఆయన అంకన్నకు గాని, గోపికకు గాని ఇంకా చెప్పలేదు.