పిలిచిన చోట తెరుచుకోని షెల్

స్ఫాక్స్ రేవు దగ్గర ఒక పాత మేడలో జానపద పాటల భాండారం ఉంది. అక్కడి కంప్యూటర్లు చూసుకునే సుందుస్, అందరూ వాడే టెక్స్ట్ ఎడిటర్‌కి బుక్‌మార్కులు చేర్చింది. ఆదేశాలు టైపు చేసే షెల్ ఈ గదిలోని యంత్రానిదైనా, దూరాన ట్యునీస్ నగరంలోని సర్వర్‌దైనా సరే, ఒకసారి గుర్తు పెట్టుకుంటే మర్నాడు అదే యంత్రంలో, అదే ఫోల్డరులో తెరుచుకుంటుంది.

అందరికన్నా సంబరపడింది లుత్ఫీ. పాటలు సేకరించే పెద్దాయన. "బతికించావు తల్లీ, ఆ ఫోల్డర్ల దారులన్నీ టైపు చేయలేక చచ్చేవాణ్ణి" అన్నాడు.

ఒక ఉదయం ఆయన సర్వర్‌లోని పనికిరాని పాటల తునకలు తుడిచేద్దామని దాని బుక్‌మార్క్ నొక్కాడు. అప్పుడే లైను పోయింది. సర్వర్ దొరక్కపోతే ఎర్రక్షరాలతో విసిగించడం దేనికని, ఈ యంత్రంలోనే అదే పేరున్న ఫోల్డరు చప్పుడు లేకుండా తెరిచేలా ముందే రాసిపెట్టింది సుందుస్. ఆ సాఫీతనం చూసుకుని మురిసిపోయింది కూడా. అది సర్వరే అనుకుని లుత్ఫీ అందులోవన్నీ తుడిచేశాడు. పోయినవి కెర్కెన్నా దీవిలో మబ్రూకా అవ్వ పాడిన పాటలు. వాటికి ఇంకా నకలు తీయలేదు.

కారణం సుందుస్‌కి కాసేపట్లోనే దొరికింది. ఎవరికీ చెప్పలేదు.

భోజనాల దగ్గర కుర్రకారు లుత్ఫీని ఆటపట్టించారు. "బాబాయ్‌కి కళ్లద్దాలు కాదురా, కాపలా కావాలి."

"నిజమేరా, వయసైపోయింది" అని ఆయనా నవ్వాడు. సుందుస్ తల వంచుకుని చేపల పులుసులో రొట్టె ముంచుతూ కూర్చుంది. అందరూ లేచాక గాని నోరు పెగల్లేదు.

"బాబాయ్, మీరు నొక్కింది సరైనదే. నా బుక్‌మార్కే మిమ్మల్ని వేరే చోటికి తీసుకెళ్లింది."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పొద్దున్నే."

లుత్ఫీ తన కంచం పక్కకి జరిపాడు. "పాటల సంగతి సరే. మా నాన్నకి మతిమరుపు ఇలాగే మొదలైంది. నాకూ వచ్చేసిందనుకున్నాను. నవ్వుతూ కూర్చున్నానే గాని, ముద్ద గొంతు దిగలేదు."

సుందుస్‌కి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సాయంత్రమే అందరినీ పిలిచి, తప్పు తనదని చెప్పింది. సర్వర్ దొరక్కపోతే దొరకలేదని చెప్పి ఆగిపోయేలా మార్చి రాసింది.

ఆ ఆదివారం లుత్ఫీతో పాటు పడవెక్కి కెర్కెన్నా వెళ్లింది. ఆయన పిలవలేదు, వద్దనీ అనలేదు. మబ్రూకా వల బాగుచేసుకుంటూ మళ్లీ పాడింది. మొన్న పూర్తిగా పాడిన పెళ్లిపాట ఒకటి మాత్రం సగంలో ఆగిపోయింది. ఎంత తడుముకున్నా మిగతాది రాలేదు.

"మొన్ననేగా పాడించుకెళ్లారు, మళ్లీ ఎందుకయ్యా?" అంది అవ్వ.

లుత్ఫీ ఏదో సర్దిచెప్పబోయాడు.

"నా వల్ల పోయాయి అవ్వా" అంది సుందుస్.

"పోతే పోయాయిలే పిల్లా, ముందు తిను" అంటూ ముసలమ్మ వేడి రొట్టె చేతిలో పెట్టింది. సుందుస్ దాన్ని పట్టుకునే ఉంది గాని, నోట పెట్టలేకపోయింది.