పాత దారి మరవని చక్రాలు

చక్రాల కొట్టు తెరవగానే అన్నయ్య టీ తాగుతాడు, చెల్లెలు నేలమీద పడుకుని కార్ల కిందకి తొంగి చూస్తుంది. నాన్న పోయినప్పటి నుంచీ అదే వరస. ఏ చక్రం ఏ కారుకి సరిపోతుందో తేల్చడం ఆమె పని. సరిపోయాక మీసం మెలేయడం అన్నయ్య పని.

ఇల్లు కొట్టు పైనే. మెట్లు దిగితే పని, ఎక్కితే వంట. ఊరవతల రేసుల మైదానం వర్క్‌షాపు వాళ్లు ఆమెని పనిలోకి రమ్మని రెండుసార్లు మనిషిని పంపారు. "మా చెల్లి ఎక్కడికీ రాదు" అని రెండుసార్లూ అన్నయ్యే తిప్పి పంపేశాడు. ఆమె జాకీ పక్కనే ఉండి విన్నది. అప్పట్నుంచీ ఆమెకి ఆ కొట్టులో ఊపిరాడటం లేదు.

ఇవాళ అన్నయ్య తన ఎర్ర స్పోర్ట్స్ కారుకి వెడల్పాటి చక్రాలు తెచ్చాడు, ఆ మైదానంలో పరిగెత్తినవే. సాయంత్రం స్నేహితుల ముందు దర్జాగా దిగాలని తొందర.

"బోల్టులు కుదిరాయి, బ్రేకుకీ తగలట్లేదు," అంది చెల్లెలు. "కిందకి దించి, స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పి చూడాలి. జాకీ మీద అన్నీ సరిపోయినట్టే ఉంటాయన్నయ్యా."

"నీ చాదస్తం తగలెయ్య! బిగించెయ్."

"ఆవరణలో తిప్పొద్దా? వాడిన చక్రాలు కదా."

ఇది వీధిలో అందరికీ తెలిసిందే. వాడిన చక్రాలు మొదట్లో తమ పాత దారే పడతాయి. డాక్టరుగారి కారు ఆసుపత్రికని బయల్దేరి వారంపాటు రోజూ కోళ్లఫారం ముందు ఆగింది. అందుకే గేటు మూసి, గుండ్రంగా తిప్పి తిప్పి, ఆ దారి మరిపించాకే ఇస్తారు.

"టైం లేదే తల్లీ! మలుపుదాకా వెళ్లి వచ్చెయ్," అని తాళాలు విసిరాడు. తనే ఎక్కొచ్చుగా? ఊహూఁ. ఏమన్నా అయితే తిట్టడానికి మనిషి ఉండాలిగా!

కారు తనంతట తానే మలుపు దాటేసి మైదానం దారి పట్టింది. అన్నయ్యంటే అలవాటైన భయం కదా, ఆమె వెనక్కి మళ్లించబోయింది. చక్రం మడ్‌గార్డుకి రాసుకుని కర్రుమంది. ఇంకాస్త తిప్పితే రేకు చిరుగుతుంది.

ఫోను మోగింది. "ఎక్కడ చచ్చావే? వెనక్కి తిప్పు!"

"తిరగట్లేదన్నయ్యా. చివరిదాకా తిప్పి చూడనివ్వలేదుగా."

బ్రేకు మీద కాలు పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. తొక్కలేదు.

మైదానం గేటు దగ్గర వర్క్‌షాపు మేస్త్రీ ఎదురొచ్చాడు. రాసుకున్న చోట వేలుపెట్టి చూసి, "ఎవరమ్మా ఈ చక్రాలు చూసింది?" అన్నాడు.

"నేనే. సగమే చూడనిచ్చారు."

మేస్త్రీ ఆమెని ఎగాదిగా చూశాడు. "వచ్చారన్నమాట! రండి, మిగతా సగం చూద్దురు గానీ."

సాయంత్రం ఎర్ర కారు సరైన చక్రాలతో కొట్టు ముందు ఆగింది. అన్నయ్య చుట్టూ తిరిగి చూశాడు. స్టీరింగు అటు చివరికి, ఇటు చివరికి తిప్పి చూశాడు. ఎక్కడా రాసుకోలేదు.

"మా చెల్లేది?" అన్నాడు.

మైదానం నుంచి కారు తెచ్చిన డ్రైవరు తాళాలు చేతిలో పెట్టాడు. "పనిలో ఉందండి."