తాళం పడాల్సిన చోటు

గేరు కర్ర పక్కన, డ్రైవరు మోకాలికి తగిలీ తగలనట్టుండే పొట్టి మీటను నేను. మా జీపులో నాలుగు చక్రాలకూ ఎప్పుడూ ఇంజను బలం అందుతుంది. మలుపుల్లో ముందు చక్రాలు ఒక వేగాన, వెనుకవి మరో వేగాన తిరగాలి గనక రెండింటి నడుమ డిఫరెన్షియల్ అనే అమరిక ఉంది. నన్ను ముందుకు నెడితే దానికి తాళం పడుతుంది. ముందూ వెనుకా ఒక్కటిగా తిరుగుతాయి. బురదలో, ఇసుకలో, జారే రాళ్లమీద అదే కావాలి. గట్టి తారు రోడ్డుమీద అదే చేటు. ఇంతే నా చదువు.

కార్ఖానాలో నన్ను బిగించిన మనిషి రెండుసార్లు నెట్టి, లాగి, కాగితంమీద టిక్కు పెట్టి వెళ్లిపోయాడు. అక్కణ్నుంచి పాడేరు కొండల్లోని ఒక ఆరోగ్య కేంద్రానికి వచ్చాను. డ్రైవరు అప్పలనాయుడు నెమ్మదస్తుడు. మొదటి వానాకాలమంతా నన్ను బాగానే వాడాడు. ఒకరోజు మాత్రం బురద దాటాక నన్ను వెనక్కి లాగడం మరిచి ఘాట్ రోడ్డు దిగాడు. ప్రతి మలుపులో టైర్లు కీచుమన్నాయి, స్టీరింగు బిగుసుకుంది, నా కింది పళ్లచక్రాలు విరిగాయి. బండి నెల్లాళ్లు షెడ్డులో పడుంది. "నడపడం రాకపోతే మానుకోవయ్యా" అన్నాడు పై అధికారి, అందరి ముందూ.

ఆ సాయంత్రమే నాయుడు ఇనుప తీగ తెచ్చి నన్ను సీటు కాలికి కట్టేశాడు. మరిచింది తను, సంకెళ్లు నాకు.

మూడేళ్లు గడిచాయి. గేరు కర్రను రోజుకు వందసార్లు పట్టుకునే ఆ చెయ్యి నావైపు రాలేదు. నర్సు కరుణమ్మ సంచి తగిలించుకోవడానికి మాత్రం పనికొచ్చాను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, కొండమీది గూడెంలో సన్యాసమ్మ అనే అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. కరుణమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుని వెనుక సీట్లో కూర్చుంది. దారిలో గెడ్డ, అంటే కొండవాగు, దాటుతుంటే ముందు చక్రం ఒకటి గట్టు అంచున గాలిలోకి లేచింది. ఇంజను బలమంతా దానికే పోయింది. అది గిర్రున తిరుగుతోంది, మిగతా మూడూ కదలవు.

"ఏమైంది నాయుడన్నా?" అంది కరుణమ్మ.

"బండి నాగట్నేదు సిస్టరమ్మా."

"మరి ఆ పొట్టి కర్రకు ఇంకా తీగెందుకు? వానల్లో దాంతోనేగా బయటపడేవాళ్లం?"

నాయుడు తీగవైపు చూశాడు. "మళ్లీ ఇరిగిపోతే నా ఉజ్జోగం పోద్దమ్మా."

సన్యాసమ్మ పళ్ల బిగువున అడిగింది. "నాను సచ్చిపోతానేటన్నా?"

నాయుడు వంగి తీగ మెలిక విప్పాడు. తుప్పుకు వేలు తెగింది. ఆక్సిలరేటరు మీంచి కాలు తీశాడు. నా పళ్లు మళ్లీ విరగకుండా, తిరిగే చక్రం పూర్తిగా నిలిచేదాకా ఆగాడు. వెనుక ఆమె అరుస్తుంటే అలా ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అప్పుడు నన్ను ముందుకు నెట్టాడు. తాళం పడింది. కాలు మెల్లగా ఆనించాడు. వెనుక చక్రాలు బురదను కరిచిపట్టాయి. జీపు గట్టెక్కింది.

తారు రోడ్డు రాగానే, "ఇక్కడ తీసెయ్యాల" అని పైకే అనుకుంటూ నన్ను లాగాడు. బిగిసిపోయి రాలేదు. బండిని రెండడుగులు వెనక్కి నడిపి మళ్లీ లాగాడు. ఈసారి పట్టు వదిలాను.

తల్లీ బిడ్డా బతికారు. ఆ తర్వాత ఏడు వానాకాలాలు నాయుడూ నేనూ కలిసి పనిచేశాం.

ఆయన రిటైరైన ఏడాదే గూడెందాకా తారు రోడ్డు పడింది. కొత్త డ్రైవరు నేనెందుకున్నానో అడగలేదు. అడగాల్సిన అవసరమూ రాలేదు. చివరికి చక్రాలు ఊడదీసి, జీపును ఆరోగ్య కేంద్రం పక్కన, రోడ్డువార గడ్డిలో వదిలేశారు.

ఇవాళ పొద్దున్నించీ జోరువాన. ఇందాక కొత్త అంబులెన్సు గూడెంవైపు వెళ్లింది. చెవులొగ్గి విన్నాను. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా చక్రం ఉత్తినే తిరగలేదు. అరగంటలో ఎవరో గర్భిణిని ఎక్కించుకుని దిగి, మా ముందునుంచే పెద్దాసుపత్రికి దూసుకుపోయింది. నాతో పనిలేకుండానే ఒక తల్లి కొండ దిగింది. సంతోషమే. ఆ మాట చెప్పుకోవడానికి ఇక్కడ ఎవరూ లేరు.