తూర్పు ఒడ్డు, గూళ్ళు: సున్న

“నువ్వొక్క వారం లెక్కపెట్టకపోతే ఆ పిట్టలు ఎగరడం మానేస్తాయా?” అన్నాడు మా ఆయన. శనివారం సాయంత్రం, నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. మర్నాడు మా వదిన, అంటే ఆయన అక్కగారు, కుటుంబంతో సహా భోజనానికి వస్తోంది. ఆ మాటకు అత్తయ్య నవ్వింది, మా అమ్మాయీ నవ్వింది, వాళ్ళతో పాటు నేనూ నవ్వేశాను. నాకిష్టమైనదాని మీద ఎవరైనా హాస్యమాడితే అందరికంటే ముందు నేనే నవ్వుతాను. ఉడుక్కున్నానని తెలియకూడదు కదా.

ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఊరి చివరి చెరువు దగ్గర నీటిపక్షుల్ని లెక్కపెడతాను. రెండేళ్ళయింది మొదలుపెట్టి. తొమ్మిదిమందిమి ఒడ్డంతా వాటాలు వేసుకున్నాం. నా వాటా తూర్పు ఒడ్డు, అక్కడ నిలువెత్తు జమ్ము పెరిగి ఉంటుంది. ఏ పక్షులు, ఎన్ని, జమ్ములో గూళ్ళు ఎన్ని అని పట్టీలో రాసి, మమ్మల్ని కూడగట్టిన రిటైరైన సైన్సు టీచరుగారికి ఫోటో తీసి పంపాలి. ఆ రెండు గంటల కోసం నేను పడే పాట్లు చెబితే మీరు నవ్వుతారు. నాలుగున్నరకు లేచి వంట చేసి, అత్తయ్య మాత్రలు తీసి గిన్నెలో పెట్టి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, పిల్లిలా గుమ్మం దాటుతాను. తిరిగొచ్చాక ఆ రోజంతా అడగకముందే అందరికీ టీలు అందిస్తాను. నన్నెవరూ వెళ్ళొద్దనరు, ఆ మాట నిజం. “పాపం, వాడు పొద్దున తనే పాలు కాచుకున్నాడు” అంటుంది అత్తయ్య, నా వైపు చూడకుండా. అంతే, పొద్దుట చూసిన పక్షులన్నీ నా బుర్రలోంచి లేచిపోతాయి. ఆ పాలగిన్నె ఒక్కటే మిగులుతుంది.

ఆ ఆదివారం వెళ్ళలేదు. రాలేకపోయానని టీచరుగారికి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. “మళ్ళీ ఇంటిపనేనా?” అనుకుంటారేమోనని సిగ్గేసింది. తొమ్మిది గంటలకు, పొయ్యి మీద మూకుడు ఉండగానే, వంటింటి గట్టు మీద కొత్త పట్టీ పెట్టుకుని కిందటి వారం అంకెలు చూసి దించేశాను. మరీ అచ్చంగా ఉంటే అనుమానం వస్తుందని బాతుల్లో రెండు తగ్గించాను. ఆ తెలివి నాకెక్కడినుంచి వచ్చిందో! తూర్పు ఒడ్డు, గూళ్ళు: సున్న. కాగితం మీద నూనె చుక్క పడితే, అది ఫోటోలో రాకుండా బొటనవేలు అడ్డం పెట్టి తీశాను.

ఆసుపత్రి రికార్డుల గదిలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను, చూడని అంకె ఒక్కటి రాసి ఎరగను. ఇంట్లో నిన్నటి కూర ఇవాళ్టిదని చెప్పి ఎవరికీ వడ్డించి ఎరగను. మధ్యాహ్నం వదిన “ఉప్పు కొంచెం తగ్గిందేమో, పర్లేదులే” అంటే, పొద్దుపోయేదాకా ఆ ఉప్పు గురించే నొచ్చుకున్నాను. పట్టీ సంగతి అసలు గుర్తే లేదు.

మంగళవారం మున్సిపాలిటీవాళ్ళు జమ్ము కోశారు. ఏ వైపు నుంచి మొదలుపెట్టమంటారని టీచరుగారిని అడిగితే, ఆవిడ మా పట్టీలన్నీ తిరగేసి, గూళ్ళు లేవు కదా అని తూర్పు ఒడ్డు చూపించారట. కోతలో గుడ్లు బయటపడ్డాయని మా గుంపులో అందరికీ ఫోన్లు వెళ్ళాయి. బుధవారం ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళాను. కోసిన జమ్ము కుప్పల పక్కన ప్లాస్టిక్ తొట్టిలో ఎనిమిది గుడ్లున్నాయి. పనివాళ్ళు పాపం జాగ్రత్తగానే తీసిపెట్టారు. మచ్చమచ్చల గుడ్లు, ముట్టుకుంటే చల్లగా తగిలాయి. ఎర్రముక్కు నీటికోడి ఒకటి బోడి ఒడ్డు వెంట అటూ ఇటూ ఈదుతోంది. నీటికోడి రోజుకు ఒక్క గుడ్డే పెడుతుంది. ఆ సంగతి మాకు నేర్పింది టీచరుగారే. మంగళవారానికి ఎనిమిదంటే ఆదివారానికి ఆరు. నేను వెళ్ళి ఉంటే కనిపించేవి.

“జమ్ము ఒత్తుగా ఉంది కదమ్మా, నీకు కనబడి ఉండదు,” అన్నారావిడ నా మొహం చూసి.

“అవునండీ, కనబళ్ళేదు,” అన్నాను. అది రెండో అబద్ధం.

ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నా కళ్ళు చూసి ఏమైందని ఆయన అడిగితే మొత్తం చెప్పేశాను. “ఓస్, ఇంతేనా!” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నిజంగానే ఓదార్చాలనుకున్నాడు. “నువ్వేమన్నా ఉద్యోగం చేస్తున్నావా అక్కడ? సరదాకి వెళ్తున్నావు. సరదాలో తప్పేంటి? అది మళ్ళీ పెడుతుందిలే గుడ్లు.” అత్తయ్య దగ్గరకొచ్చి నా తల నిమిరింది. “నలుగురు ఇంటికొస్తే వదిలేసి పోతావా ఏంటి? నువ్వు చేసిందే సబబు.” పదిహేడేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. ఎన్నిసార్లు కోరుకున్నానో ఆ మాటని! తీరా వచ్చేసరికి, ఆ చేతి కింద నాకు ఒళ్ళు జలదరించింది.

తరవాతి ఆదివారం చెరువు గట్టు మీద అందరి ముందూ చెప్పాను. “ఆ వారం నేను రాలేదండీ. ఇంట్లో కూర్చుని రాసి పంపించాను.”

“ఎందుకు రాలేదు?” అన్నారు టీచరుగారు.

“చుట్టాలొచ్చారండీ.”

పక్కనున్న టైలరమ్మ “అయ్యో, ఆడవాళ్ళకి తప్పదు కదండీ” అంది. మిగతావాళ్ళూ తలలూపారు. అందరూ నన్ను క్షమించేయడానికి సిద్ధంగా ఉన్నారు, తప్పదు కదా అని నేనూ దాదాపు ఒప్పేసుకోబోయాను.

“చుట్టాలొస్తే రాకు. రాలేదని చెప్పు,” అన్నారు టీచరుగారు. “మీ ఆసుపత్రిలో చూడని రోగికి జ్వరం లేదని రాస్తారా? నీ పట్టీని నమ్మి, నేనే దగ్గరుండి కోయించాను కదా ఆ జమ్ముని! నీ పని నువ్వు చెయ్యకపోతే ఎలా? ఈ ఏడాదికి తూర్పు ఒడ్డు నీకివ్వను. నా వెనకాల నడువు. మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకో.”

ఆవిడ వెనకాల నడిచాను. మొహం మండిపోతోంది. చొక్కాకి బొత్తాం ఊడిందని, మందులు అయిపోయాయని, పిల్లకి మార్కులు తగ్గాయని నన్ను కోప్పడ్డవాళ్ళు బోలెడంతమంది. నా పని నేను చెయ్యలేదని కోప్పడిన మొట్టమొదటి మనిషి ఈవిడే. ఇంటికెళ్ళాక ఆయన మళ్ళీ ఓదార్చబోతే, వద్దని చెప్తాను. ఆ ఎనిమిది గుడ్ల తప్పు నాది. సరదా కింద కొట్టిపారేయమని దాన్నెవరి చేతికీ ఇవ్వను.