లీలావతక్క ప్రార్థన

నెలలో మొదటి ఆదివారం మా సంఘంలో ప్రభువు బల్ల ఉంటుంది. పాస్టర్ అయ్యగారు రొట్టె ముక్క, ద్రాక్షరసం అందరికీ అందిస్తారు గానీ, మనసులో తప్పు పెట్టుకున్నవాళ్ళు చెయ్యి చాపరు. ఎవరూ ఆపరు. ఎవరికి వాళ్ళే ఆగిపోవాలి. అందుకే ఆ పూట ఎవరు తీసుకున్నారో, ఎవరు తీసుకోలేదో ముసుగుల కిందనుంచే చూసుకుంటాం. చూడం అంటే అబద్ధం.

మా ఆయన జీవన్ వరసగా మూడు నెలలు బల్ల తప్పించుకున్నాడు. వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. డ్యూటీ పడ్డదని రెండుసార్లు, కడుపునొప్పి అని ఒకసారి. అసలు సంగతి సంఘంలో నాకొక్కదానికే తెలుసు. ఆరేళ్ళ కింద మందు మానేసి, సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పిన మనిషి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను పట్టుకోలేదు. తనంతట తనే వచ్చి, బియ్యం ఏరుతుంటే నా పక్కన కూర్చుని చెప్పాడు.

"తప్పైంది సుమలతా. ఎవ్వలకు చెప్పకు. నేనే మానేస్త. మానినంక నేనే అయ్యగారికి చెప్పుకుంట. అప్పటిదాంక బల్ల ముట్ట."

తాగినందుకు నాకు ఏడుపు రాలేదు. దాచలేదని వచ్చింది.

మా స్త్రీల కూడికలో ప్రార్థనకు ఇద్దరిద్దరిని జత చేస్తారు. వారానికొకసారి కలిసి మోకరించాలి, ఒకరి బరువు ఒకరికి చెప్పుకోవాలి. నా జత లీలావతక్క. కోదాడ మనిషి. మిర్యాలగూడకు కోడలుగా వచ్చి పాతికేళ్ళైనా మాట మాత్రం అటువైపుదే. నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు ఎనిమిది రోజులు దవాఖానకు అన్నం మోసింది. నా తల దువ్వింది. అక్కకు తెలియని బాధ నాకు లేదనుకునేదాన్ని. ఒక వారం ప్రార్థనకు మోకరించబోతూ అడిగింది.

"ఏంటి సుమలతా, జీవన్ బల్లకి రావట్లేదు? నా దగ్గర కూడా దాపరికమా? చెబితేనే కదా ప్రార్థన చేసేది!"

చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను కూడా. కళ్ళు తుడిచి, "ఇది ఈ గడప దాటదు" అంది.

ఆ తర్వాత జీవన్ నిజంగానే మానేశాడు. నలభై రోజులు. చేతులు వణికిన రోజులు చూశాను, ఊరికే అరిచిన రోజులు చూశాను. మొన్న మొదటి ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, "ఇయ్యాల బల్ల తీసుకుంట. అయిపోయినంక అయ్యగారికి అంతా చెప్త" అన్నాడు. మూడు నెలల తర్వాత డోలక్ ముందు కూర్చుని పాటలకు వాయించాడు. నాకు కడుపు నిండినట్టయింది.

బల్లకు ముందు ప్రార్థన చేయమని అయ్యగారు లీలావతక్కను పిలిచారు. అందరం కళ్ళు మూసుకున్నాం. వానల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, సూర్యాపేట దవాఖానలో ఉన్న గురవయ్య తాత కోసం చేసింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"ప్రభువా, మా మధ్యనే ఒక కుటుంబం ఉందయ్యా. నీ సన్నిధిలో సాక్ష్యం చెప్పిన మనిషే మళ్ళీ సీసా పట్టాడు తండ్రీ. నీ పాటలకి డోలక్ వాయించే చేతులయ్యా అవి! ఆ చేతులు ఈరోజు నీ బల్లని మైల చేయకుండా ఆపయ్యా. నా దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్న ఆ చెల్లిని ఆదరించు."

పేరెత్తలేదు. మా సంఘంలో డోలక్ వాయించేది ఒక్కడే.

"అవును ప్రభువా, అవును తండ్రీ" అని ఆడవాళ్ళ గొంతులు లేచాయి. అయ్యగారి ప్రసంగం నడుస్తుంటే లేచి బయటికి పోయినవాళ్ళను చూశాను గానీ, ప్రార్థన మధ్యలో ఆపమన్నవాళ్ళను ఎన్నడూ చూడలేదు. చివర అందరూ ఆమెన్ అన్నారు. ఇన్నేళ్ళ అలవాటు, నా నోరూ అంది. కళ్ళు తెరిచేసరికి డోలక్ ఉంది, జీవన్ లేడు.

నేనూ లేచాను. లీలావతక్క గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"పేరు చెప్పలేదు కదే! దేవుడికి చెప్పుకోవడం కూడా తప్పేనా?"

"దేవునికైతే నీ ఇంట్ల చెప్పినా ఇనపడ్తది అక్కా. గీడ నూరుమంది ఉన్నరు."

"తాగి బల్ల ముట్టుకుంటే శాపం కాదూ? మీ మంచికే చేశాను."

"నలభై రోజులాయె తాగక!"

ఆమె చెయ్యి వదల్లేదు. "మరి ఆ సంగతి నాకు చెప్పలేదేం?"

ఆయన తాగాడని ఏడుస్తూ చెప్పినదాన్ని, మానాడని మాత్రం చెప్పలేదు. చెడ్డ సంగతికి ఉన్న తొందర మంచి సంగతికి లేకపోయింది. అయినా ఆమె చేతిలోంచి నా చెయ్యి లాక్కున్నాను.

ఇంటికి వచ్చేసరికి జీవన్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా ముఖం చూడకుండా అడిగాడు.

"దేవ్‌సింగ్ చెప్పి ఉంటడు గదా? ఆయనే నన్ను మందు షాపు కాడ సూసిండు. లీలావతక్క పెనిమిటికి దోస్తే."

దేవ్‌సింగ్ ఆయనతో పనిచేసే మనిషి. మాకు దూరపువాడు, కోపం వచ్చినా పెద్ద నష్టం లేనివాడు. జీవన్ గొంతులో అడగడం కంటే బతిమాలడమే ఎక్కువగా వినిపించింది. తల ఊపితే చాలు. ఆ పూటకు మా ఇద్దరి పరువూ నిలిచేది.

"దేవ్‌సింగ్ కాదు. నేనే చెప్పిన. పార్థన కోసమని లీలావతక్కకు చెప్పిన."

అరుగు దిగి నిలబడ్డాడు.

"అయ్యగారికన్న ముందు నీకు చెప్పుకున్న" అన్నాడు. "ఇగ నన్నేమడగకు సుమా. తాగినా చెప్ప. మానినా చెప్ప."

"తిట్టన్న తిట్టు. ఒక మాటన్న అను."

అన్నం పెడితే వచ్చి కూర్చుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని, నేను ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాకే తెలిసింది.